మొదటి రోడ్ బైక్ కొని మూడు వారాలు: వేళ్ళు తిమ్మిరి, రెండు పంక్చర్లు, అమ్మేయాలా?

కరకంబాడి_కొత్తోడు

రోడ్ బైక్, అంటే సన్న టైర్లు, వంపు హ్యాండిల్ ఉండే సైకిల్, కొని మూడు వారాలైంది. సెకండ్ హ్యాండ్, బెంగళూరులో ఒకాయన దగ్గర తీసుకున్నాను. ఫ్రేము 54 సైజు, ముందు 2 వెనక 8 గేర్లు, 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 72 కిలోలు, వయసు 36. పదో తరగతిలో తొక్కిన సైకిల్ తర్వాత మళ్ళీ ఇదే. తెల్లారి శేషాచలం కొండల్ని చూస్తూ తొక్కాలని ఎన్నో ఏళ్ళుగా ఉన్న కోరిక.

కానీ ఇంతవరకు సంతోషంగా తొక్కింది ఒక్కరోజు కూడా లేదు. పది కిలోమీటర్లు దాటితే రెండు చేతుల్లో చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. కూర్చునే చోట నొప్పి సరే సరి. రెండుసార్లు పంక్చర్. రెండోసారి తిరుపతి జూ పార్క్ రోడ్డులో గాలి పోతే పంక్చర్ షాపు దాకా నాలుగు కిలోమీటర్లు నడిపించుకుని వెళ్ళాను, తీరా ఆయన వాల్వ్ చూసి "ఇదేంది సామీ, దీనికి మా మిషన్ పట్టదు" అన్నాడు. ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాను. గేర్లు మారిస్తే ముందువైపు గరగరమని శబ్దం.

ఇంట్లో మా ఆవిడ అడిగింది, "ఇంత డబ్బు పెట్టావు, స్టాండు లేదు, మడ్‌గార్డ్ లేదు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు, అసలేం కొన్నావు?" అని. నా దగ్గర జవాబు లేకపోయింది. తప్పు సైకిల్ కొన్నానా? అమ్మేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చంద్రగిరి_చైన్

అమ్మొద్దు. మీరు రాసినవాటిలో సైకిల్ తప్పు ఒక్కటీ లేదు, అన్నీ సరిచేసుకునేవే.

ముందు వాల్వ్ సంగతి. సన్నగా పొడుగ్గా ఉండి కొసన చిన్న నట్ ఉంటుంది కదా, దాన్ని ప్రెస్టా వాల్వ్ అంటారు. ఆ నట్ ఎడమవైపు తిప్పి వదులు చేసి, వేలితో ఒకసారి లోపలికి నొక్కితే బుస్సుమని కొంచెం గాలి వస్తుంది. ఆ తర్వాతే గాలి కొట్టాలి. మోటార్ సైకిల్ వాల్వ్ సైజుకు మార్చే ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, వేలి గోరంత ఉంటుంది. రెండు కొని ఒకటి సీటు కింద సంచిలో పడేయండి. అది ఉంటే ఏ పంక్చర్ షాపులోనైనా పని జరుగుతుంది. కానీ షాపాయనకు ముందే చెప్పండి, సన్న ట్యూబు కాబట్టి మిషన్‌తో ఒక్కసారిగా వదిలితే పగిలిపోతుంది, కొంచెం కొంచెంగా కొట్టమని.

పలమనేరు_పాత_సైకిల్

చైన్ గారూ, అన్నీ సరిచేసుకునేవే అంటున్నారు సరే, అసలు మన రోడ్లకు ఈ సైకిల్ ఎందుకు అన్నది నా ప్రశ్న. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, వాన పడితే బురద. 25 మిల్లీమీటర్ల టైరు మీద 36 ఏళ్ళ మనిషి నడుము వంచి తొక్కాల్సిన అవసరం ఏముంది? నిటారుగా కూర్చుని తొక్కే హైబ్రిడ్ సైకిల్, 35 లేక 40 మిల్లీమీటర్ల టైరు ఉన్నది తీసుకుంటే ఈ ప్రశ్నల్లో సగం పుట్టేవే కాదు. మా నాయన డబుల్ బార్ సైకిల్ మీద పాల క్యాన్లు కట్టుకుని ముప్ఫై ఏళ్ళు తొక్కాడు, వేళ్ళు తిమ్మిరని ఎప్పుడూ అనలేదు. కొత్తోడా, నా మాట వింటే అమ్మేసి హైబ్రిడ్ కొనుక్కో.

రేణిగుంట_రైడర్

మీ నాయన నిటారుగా కూర్చున్నారు, బరువంతా సీటు మీదే ఉంటుంది. రోడ్ బైక్‌లో బరువు సీటు, పెడల్, చేతుల మధ్య పంచుకోవాలి. పంపకం కుదరకపోతే తిమ్మిరి. దానికి సైకిలే మార్చనక్కర్లేదు కదా.

తిరుచానూరు_అక్క

తమ్ముడూ, చిటికెన వేలు, దాని పక్క వేలు అని నువ్వు స్పష్టంగా రాశావు కాబట్టి చెప్తున్నా. ఆ రెండు వేళ్ళకు వెళ్ళే నరం అరచేతి అంచున, చిటికెన వేలి వైపు నుంచి పోతుంది. అల్నార్ నరం అంటారు. అక్కడ బరువు ఆనితే తిమ్మిరెక్కుతుంది. నాకూ మొదటి నెలంతా ఇదే. గ్లౌజులు మార్చాను, హ్యాండిల్‌కు మందమైన టేపు చుట్టించాను, ఏమీ తగ్గలేదు.

అసలు కారణం సీటు. నాది ముక్కు కిందికి వంగి ఉండేది, నొప్పి తగ్గుతుందని నేనే అలా వంచుకున్నాను. దాంతో ఒళ్ళు ముందుకు జారుతూ ఉంటుంది, జారకుండా చేతులతో తోసుకుంటూ కూర్చుంటాం, ఆ తోపు అంతా అరచేతుల మీదే. సీటు మీద మేస్త్రీలు వాడే లెవెల్ పెట్టి సమంగా చేసిన రోజే సగం తగ్గింది. నీ సీటు ఎలా ఉందో ఒకసారి పక్కనుంచి ఫోటో తీసి చూసుకో. మోచేతులు కర్రల్లా బిగించొద్దు, కొంచెం వంచు. ఐదు నిమిషాలకొకసారి చేతులు పట్టుకునే చోటు మార్చు: పైన, బ్రేకుల మీద, కింద వంపులో. ఆ హ్యాండిల్ అలా వంకర తిరిగి ఉండేదే అందుకు. సీటు సరిచేసినా, తొక్కడం ఆపిన తర్వాత కూడా గంటల తరబడి తిమ్మిరి ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించు, నిర్లక్ష్యం చేయొద్దు.

ఇంకొకటి, సిగ్గుపడకుండా చెప్తున్నా. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. రెండు గుడ్డలు కలిస్తే కుట్ల దగ్గర ఒరుసుకుని పుళ్ళు పడతాయి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, రెండు నెలలు బాధపడ్డాను. ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంకో మాట, సైకిల్‌తో వచ్చిన సీటే మనకు సరిపోవాలని లేదు. కూర్చునే ఎముకల మధ్య దూరం మనకు సాధారణంగా ఎక్కువ, కొంచెం వెడల్పు సీటు పెట్టించుకోండి.

లెక్కల_మాస్టారు

సీటు ఎత్తు ఎవరూ అడగలేదు. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావుపాటి పుస్తకం పైకి గట్టిగా నొక్కి పెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణించండి. 78 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, 68.9 అవుతుంది. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా అంత దూరం ఉండాలి. 1986, 1989, 1990లలో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. ఇదే ఆఖరి మాట కాదు, ఇక్కడ మొదలుపెట్టి ఐదేసి మిల్లీమీటర్లు మార్చుకుంటూ చూడాలి. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు తక్కువైందని, వెనక నొప్పి పెడితే ఎక్కువైందని సాధారణంగా అనుకోవచ్చు.

కొలిచే టేపు లేకపోతే, మడమను పెడల్ మీద పెట్టి పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకుంటే సరి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది, అదే కావాలి.

కరకంబాడి_కొత్తోడు

ఇప్పుడే కొలిచి వచ్చాను. నాది 77. అంటే 68 ఉండాలి. ఉన్నది 71! అమ్మినాయన నాకంటే పొడుగు, ఆయన పెట్టుకున్నట్టే తొక్కుతున్నాను. అక్కా, మీరు చెప్పినట్టే సీటు ముక్కు బాగా కిందికి వంగి ఉంది.

పంక్చర్ గురించి కూడా చెప్పండి. మూడు వారాల్లో రెండుసార్లు అంటే టైర్లు పోయినట్టేనా?

రేణిగుంట_రైడర్

ట్యూబ్ పడేయలేదు కదా? చిల్లు ఎలా ఉంది?

కరకంబాడి_కొత్తోడు

మొదటిదానికి ఒకటే సన్న చిల్లు. రెండోదానికి పక్కపక్కన రెండు చిన్న గాట్లు ఉన్నాయి.

రేణిగుంట_రైడర్

రెండోది ముల్లు కాదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడితే టైరు నొక్కుకుపోయి, రిమ్ము రెండు అంచుల మధ్య ట్యూబు నలిగి రెండు గాట్లు పడతాయి. పాము కాటు లాగా ఉంటుందని అలాగే పిలుస్తారు కూడా. ఎంత గాలి పెడుతున్నారు, ఎన్ని రోజులకు ఒకసారి?

కరకంబాడి_కొత్తోడు

కొన్నప్పుడు ఆయన కొట్టి ఇచ్చాడు. తర్వాత మొదటి పంక్చర్ రోజు చేతి పంపుతో కొట్టాను. బొటనవేలితో నొక్కితే గట్టిగానే అనిపించింది.

చంద్రగిరి_చైన్

దొరికింది. బొటనవేలితో తెలీదు. కారుకు 30–35 పి.ఎస్.ఐ. పెడతారు, మీ టైరుకు దానికి రెండున్నర రెట్లు కావాలి. మీ బరువుకు 25 టైరు మీద ముందు 80, వెనక 90తో మొదలుపెట్టండి. ఇంత సన్న ట్యూబులో గాలి దానంతటదే తగ్గిపోతుంది, వారానికి కనీసం రెండుసార్లు చూసుకోవాలి. నేనైతే ప్రతి రైడ్ ముందూ చూస్తాను. మీటరు ఉన్న ఫ్లోర్ పంపు కొనండి. హెల్మెట్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు అదే, జెర్సీలూ కళ్ళద్దాలూ తర్వాత.

శ్రీకాళహస్తి_సుబ్బు

నేను 110 పెడతా. గట్టిగా ఉంటేనే వేగం.

చంద్రగిరి_చైన్

సుబ్బూ, అద్దంలాంటి రోడ్డయితే సరే. మన రోడ్ల మీద 110 పెడితే టైరు ప్రతి గులకరాయికీ ఎగురుతుంది, ఆ ఎగురుడులో శక్తి పోతుంది, చేతులకు అదురు వస్తుంది. ఆయనకు ఇప్పటికే తిమ్మిరి. టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠ అంకె దాకా పెట్టాలని రూలేం లేదు.

పలమనేరు_పాత_సైకిల్

అదే నేను మొదట అన్నది. లావు టైరు.

రేణిగుంట_రైడర్

ఈ ఒక్క విషయంలో పలమనేరు అన్న మాట నిజం. కొత్తోడు గారూ, ఈ టైర్లు అరిగాక 28 వేయించండి. ముందు ఫోర్క్ దగ్గర, బ్రేకుల కింద ఖాళీ ఎంత ఉందో చూసుకోండి, చాలా సైకిళ్ళకు 28 పడుతుంది. ప్రొఫెషనల్ రేసుల్లో కూడా ఇప్పుడు 23లు వదిలేసి 28కి వచ్చేశారు.

మొదటి పంక్చర్ ముల్లు అయ్యుంటుంది. ట్యూబ్ మార్చినప్పుడు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి చూశారా? మన వైపు తుమ్మ ముల్లు విరిగి టైరులోనే ఉండిపోతుంది, పైకి కనిపించదు. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. ఏర్పేడు దగ్గర ఒకే ముల్లుతో రెండు ట్యూబులు పోగొట్టుకున్నాను నేను. దూది ఉంటే దాంతో తుడవండి, ముల్లు ఉన్నచోట పీచు పట్టుకుంటుంది.

మదనపల్లె_మెకానిక్

సైకిల్ పని చేసేవాణ్ణి కాబట్టి గేర్ శబ్దం గురించి. రెండు రకాలు ఉంటుంది. ముందు పెద్ద పళ్ళచక్రం, వెనక కూడా అన్నిటికంటే పెద్దది పెట్టి తొక్కితే చైను ఏటవాలుగా సాగి ముందు డిరెయిలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) పంజరానికి ఒరుసుకుంటుంది. చిన్నది చిన్నది పెట్టినా అంతే. అలా తొక్కొద్దు. ఎత్తు వస్తోందంటే ముందు చిన్నదానికి దించి వెనక మధ్యలో ఉంచండి. షిమానో కంపెనీ రోడ్ బైక్ గేరు మీటల్లో చాలావాటికి పూర్తిగా గేరు మారకుండా చిన్న క్లిక్ ఒకటి ఉంటుంది, డిరెయిలర్‌ను కొద్దిగా జరపడానికే. దాన్ని వాడితే గరగర పోతుంది.

వెనక గేరు పెద్ద చక్రానికి ఎక్కడానికి తటపటాయిస్తుంటే, డిరెయిలర్‌లోకి కేబుల్ వెళ్ళేచోట తిప్పే గుబ్బ ఉంటుంది, వెనక నిలబడి చూస్తూ ఎడమవైపు పావు చుట్టు తిప్పండి, కేబుల్ బిగుస్తుంది. పావు చుట్టే. చిన్న స్క్రూలు రెండు కనపడతాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. యూట్యూబ్ చూసి వాటిని తిప్పేసి, చైను పుల్లల్లోకి పోయి, చక్రం పాడుచేసుకుని నా దగ్గరకు వచ్చేవాళ్ళు చాలామంది.

సెకండ్ హ్యాండ్ అన్నారు, చైను ఎంత సాగిందో కొలిపించండి. సాగిన చైనుతోనే తొక్కితే వెనక పళ్ళచక్రాలన్నీ అరిగిపోతాయి. చైను ధర తక్కువ, అవి ఎక్కువ.

శ్రీకాళహస్తి_సుబ్బు

క్లీట్ షూస్ కూడా తీసుకో అన్నా. కాలు పెడల్‌కు అతుక్కుంటే పైకి లాగేటప్పుడు కూడా బలం వస్తుంది.

తిరుచానూరు_అక్క

ఇప్పుడే వద్దు. నేను తొందరపడి కొన్నాను. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది, ఆగాను, మడమ పక్కకు తిప్పితేనే షూ ఊడుతుందన్న విషయం ఆ క్షణంలో గుర్తురాలేదు. నిలబడిన చోటే పక్కకు పడ్డాను. వెనక బస్సు ఆగి ఉంది కాబట్టి సరిపోయింది, కదులుతూ ఉంటే? ముందు మామూలు పెడళ్ళతో నాలుగైదు నెలలు తొక్కి, ట్రాఫిక్‌లో ధైర్యం వచ్చాక ఖాళీ మైదానంలో నేర్చుకో.

కుప్పం_కుర్రాడు

కుక్కల సంగతి ఎవరూ చెప్పరేం? నాకు పంక్చర్ కంటే వాటి టెన్షనే ఎక్కువ.

చంద్రగిరి_చైన్

వేగంగా పారిపోతే వెంటపడతాయి. దూరం నుంచే కనిపిస్తే వేగం తగ్గించి గట్టిగా అరవండి. మీదికి వస్తే దిగిపోయి సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. నాలుగు అడుగులు నడిస్తే చాలావరకు వాటికి ఆసక్తి పోతుంది. కరిస్తే, చిన్న గీత పడినా సరే, సబ్బుతో నీళ్ళు ధారగా పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. ఇందులో రెండో ఆలోచన వద్దు.

కరకంబాడి_కొత్తోడు

మెకానిక్ గారూ, ఆ చిన్న క్లిక్ దొరికింది! మూడు వారాలుగా నా వేలి కిందే ఉంది. శబ్దం పోయింది.

ఇంకో ప్రశ్న. ఏ దారిలో తొక్కాలి? కరకంబాడి రోడ్డులో లారీలు ఎక్కువ. చివరికి ఘాట్ ఎక్కాలని ఆశ.

రేణిగుంట_రైడర్

కపిలతీర్థం నుంచి అలిపిరి, జూ పార్క్ రోడ్డు, చెర్లోపల్లి, శ్రీనివాస మంగాపురం. గుడి దగ్గర ఆగి నీళ్ళు తాగి వెనక్కి రండి. మొత్తం పాతిక లోపే. చెట్లు ఉంటాయి, కుడిపక్క కొండ తోడుగా వస్తుంది. అది అలవాటయ్యాక చంద్రగిరి కోట దాకా. ఐదున్నరకు బయలుదేరి ఎనిమిదికి ఇంట్లో ఉండాలి, వేసవిలో ఇంకా ముందే. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. బెల్లు కూడా పెట్టించండి, ఆవిడ అడిగినవాటిలో అదొక్కటి న్యాయమైన ప్రశ్న.

చిత్తూరు_మామిడితోట

ఘాట్ గురించి తొందర వద్దు. తిరుమల సముద్ర మట్టానికి 850 మీటర్ల పైన ఉంది. ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి అంతకంటే నేర్పు కావాలి. ముందు కల్యాణి డ్యామ్ వైపు వెళ్ళి ఎత్తుపల్లాలు అలవాటు చేసుకోండి. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ములు వేడెక్కిపోతాయి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ నొక్కి వేగం తగ్గించి, వదిలి, మలుపు తిరగాలి. మలుపులోకి వెళ్ళాక గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. ఆ భయం నాకు భాకరాపేట ఘాట్‌లో తెలిసింది, ఎదురుగా లారీ, నా చక్రం ఇసుక మీద. ఆ రోజు నుంచి ఎవరు నన్ను దాటిపోయినా పట్టించుకోను, నిమ్మళంగా దిగుతా.

శ్రీకాళహస్తి_సుబ్బు

తినడం మర్చిపోవద్దు అన్నా. మా ఊరి నుంచి తిరుపతి వచ్చి వెనక్కి వెళ్తే డెబ్బై దాటుతుంది. మొదటిసారి ఒట్టి కాఫీ తాగి బయలుదేరాను. తిరుగు దారిలో ఏర్పేడు వచ్చేసరికి చేతులు వణుకు, కళ్ళు మసక, పెడల్ ఎందుకు తొక్కుతున్నానో కూడా అర్థం కాలేదు. ఒళ్ళు నిల్వ చేసుకున్న చక్కెర అయిపోయింది. టీ కొట్టు అవ్వ నా ముఖం చూసి అడక్కుండానే రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది. గంట దాటే రైడ్ అయితే ముప్పావు గంటకొకసారి ఏదో ఒకటి తినాలి, ఆకలి వేసేదాకా ఆగకూడదు. అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ చిక్కీ చాలు. నీళ్ళలో ఉప్పు, కొంచెం చక్కెర, నిమ్మకాయ.

తిరుచానూరు_అక్క

ముందురోజు రాత్రి రాగి సంగటి తిని పడుకో, పొద్దున తేడా నీకే తెలుస్తుంది.

పలమనేరు_పాత_సైకిల్

ఇదంతా చదివాక కూడా నా అభిప్రాయం మారలేదు, కొత్తవాళ్ళకు హైబ్రిడే మేలు. కానీ కొనేశాడు కాబట్టి, ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్తున్నారు కాబట్టి, ఇంకో నెల చూడమనే చెప్తాను. కొత్తోడా, ఏ సంగతో రాయి.

కరకంబాడి_కొత్తోడు

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నా. సీటు 68కి దించాను, సమంగా చేశాను. ఫ్లోర్ పంపు వచ్చింది, ముందు 80 వెనక 90. ఇంతవరకు ఒక్క పంక్చర్ లేదు. తిమ్మిరి మొదటి వారం కొంచెం ఉంది, ఇప్పుడు ఇరవై కిలోమీటర్లకు కూడా రావడం లేదు. నొప్పి కొంచెం ఉంది, షార్ట్స్ విషయంలో అక్క మాట విన్నాను.

నిన్న ఆదివారం శ్రీనివాస మంగాపురం దాటి చంద్రగిరి కోట దాకా వెళ్ళాను. ఎండ అప్పుడే రాజమహల్ మీద పడుతోంది. సైకిల్ గోడకు ఆనించి అరగంట కూర్చున్నాను. వచ్చేటప్పుడు చెర్లోపల్లి ముందు ఎదురుగాలి, వెనక మధ్య గేరులో పెట్టి చేతులు కింద వంపులో పట్టుకుని తల వంచి తొక్కాను. మొదటిసారి ఆ సైకిల్ నా కింద తేలిగ్గా కదిలింది. ఇంటికి వచ్చాక బెల్లు కొట్టాను, మా ఆవిడ బయటికి వచ్చి చూసి, "స్టాండు ఎప్పుడు పెట్టిస్తావు?" అంది.

చంద్రగిరి_చైన్

కోట దాకా వచ్చి నాకు చెప్పకుండా వెళ్ళారా! వచ్చే ఆదివారం ఐదున్నరకు కపిలతీర్థం ఆర్చి దగ్గర ఉంటాను. అడాప్టర్ తెచ్చుకోండి.

కుప్పం_కుర్రాడు

నేను శనివారం రాత్రే రైలెక్కి వస్తా. సైకిల్ విప్పి గోనెసంచిలో కడితే సరిపోతుందా, ఏమైనా కట్టాలా?

మదనపల్లె_మెకానిక్

రెండు చక్రాలూ తీసెయ్. చైను వైపు పైకి ఉండేలా పడుకోబెట్టు, డిరెయిలర్ మీద బరువు పడితే వంగుతుంది. ఫోర్క్ కాళ్ళ మధ్య ఒక చెక్కముక్క పెట్టి కట్టు.